సెక్యూర్ ఇంటరప్ట్ నంబరు కెర్నెల్‌కు చెబితే కొంపలేమీ మునగవు

ఎంబెడెడ్ లినక్స్ నేర్చుకుంటున్నవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. "సెక్యూర్ ఫర్మ్‌వేర్ వాడుకునే ఇంటరప్టుల ఊసే డివైస్ ట్రీలో ఉండకూడదు. నంబరు తెలిస్తే లినక్స్ వాటిని ఆపేయగలదు. అయినా వాటితో కెర్నెల్‌కు పనేముంది?" అని. (డివైస్ ట్రీ అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కు చెప్పే వివరాల పట్టిక. ఇంటరప్ట్ అంటే హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం. ఆర్మ్ చిప్‌లో సెక్యూర్, నాన్-సెక్యూర్ అని రెండు వైపులుంటాయి, లినక్స్ మామూలుగా నాన్-సెక్యూర్ వైపు నడుస్తుంది.) వినడానికి జాగ్రత్తపరుల మాటలాగే ఉంటుంది. కానీ ఆర్మ్ బోర్డుల మీద ఇందులో ఏ ముక్కా నిలబడదు.

"నంబరు తెలిస్తే లినక్స్ ఆపేయగలదు"

ముందు ఈ నంబర్లు రహస్యాలేమీ కావు. ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్‌లో, అంటే గిక్‌లో, 0 నుంచి 15 దాకా ఎస్‌జీఐలు (కోర్లు ఒకదాన్నొకటి పిలుచుకునేవి), 16 నుంచి 31 దాకా పీపీఐలు (ఒక్కో కోర్‌కు సొంతమైనవి), 32 నుంచి 1019 దాకా ఎస్‌పీఐలు (కోర్లన్నీ పంచుకునేవి). చిన్న లూప్ రాస్తే ఎవరైనా అన్నిటినీ తట్టి చూడొచ్చు.

ఎవరో ఎందుకు, లినక్స్ బూట్ అయ్యేటప్పుడు చేసే పనే అది. గిక్ డ్రైవర్ మొదలవగానే చిప్‌లో ఉన్న ఎస్‌పీఐలన్నిటినీ వరసపెట్టి డిసేబుల్ చేస్తుంది. డివైస్ ట్రీలో ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో చూడదు. నంబరు దాచడమే రక్షణ అయితే, లినక్స్ బూట్ అయిన ప్రతిసారీ సెక్యూర్ వైపు ఇంటరప్టులన్నీ చచ్చిపడి ఉండాలి కదా. పడవు. ఎందుకంటే తాళం ఇంకోచోట ఉంది. లినక్స్ కంటే ముందే ఈఎల్3లో, అంటే ప్రాసెసర్‌లోని అన్నిటికంటే పై అధికార స్థాయిలో, నడిచే ఫర్మ్‌వేర్, ఏ ఇంటరప్ట్ ఏ గ్రూపుదో గిక్ గ్రూపు రిజిస్టర్లలో రాసేస్తుంది. సెక్యూర్ గ్రూపులో పడ్డ ఇంటరప్ట్ బిట్లను నాన్-సెక్యూర్ వైపు నుంచి చదివితే సున్నా వస్తుంది, రాస్తే ఆ రాత గాలికి పోతుంది. ఫర్మ్‌వేర్ కావాలని అనుమతి ఇస్తేనో, గిక్‌లో సెక్యూరిటీని మొత్తంగా ఆఫ్ చేసే బిట్ పెడితేనో తప్ప ఇది మారదు. ఆ బిట్ పెట్టేసి డివైస్ ట్రీలో నంబరు దాచుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

"డివైస్ ట్రీలో ఉండనే కూడదు"

ఏదో ఒక 64-బిట్ ఆర్మ్ బోర్డు డివైస్ ట్రీ తెరిచి టైమర్ నోడ్ చూడండి. మామూలుగా నాలుగు ఇంటరప్టులు ఉంటాయి: పీపీఐ 13, 14, 11, 10 (ఇక్కడ లెక్క పీపీఐల్లో మొదటిదాన్ని సున్నాగా తీసుకుని, అంటే పీపీఐ 13 గిక్‌లో 29). మొదటిదే సెక్యూర్ ఫిజికల్ టైమర్! ఉండకూడదంటున్న ఆ నంబరు బైండింగ్‌లో, అంటే నోడ్ ఎలా రాయాలో చెప్పే నియమాల్లో, మొట్టమొదటి స్థానంలో కూర్చుని ఉంది. 64-బిట్ కెర్నెల్ దాన్ని ముట్టుకోదు. 32-బిట్ కెర్నెల్ సంగతి వేరు. కొన్ని పాత బోర్డుల్లో బూట్‌లోడర్ సెక్యూర్ స్టేట్ వదలకుండానే కెర్నెల్‌లోకి దూకేది. తాను ఏ స్టేట్‌లో నడుస్తోందో దానికి ముందుగా తెలియదు కాబట్టి, ఫిజికల్ టైమర్ వాడాల్సి వస్తే 13, 14 రెండూ అడుగుతుంది. అప్పుడే కొన్ని బోర్డుల బూట్ లాగ్‌లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది: పీపీఐ 13 సెక్యూర్ అయినా అయ్యుండాలి, కాన్ఫిగరేషన్ అయినా తప్పయ్యుండాలి అని. అది చూసి టెన్షన్ పడేవాళ్లను చూశాను. తాళం పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం కావచ్చు, అదొక్కటే చూసి సెక్యూరిటీ పోయిందనుకోనక్కర్లేదు.

సర్వర్ల వైపు డివైస్ ట్రీ బదులు వాడే ఏసీపీఐలోనూ ఇదే తీరు. టైమర్ వివరాలుండే జీటీడీటీ పట్టికలో సెక్యూర్ టైమర్‌కు ఒక గడి ఉంది. నాన్-సెక్యూర్ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పట్టించుకోదని స్పెసిఫికేషన్‌లోనే రాసి ఉంది. అదే పట్టికలో వాచ్‌డాగ్‌కు (సిస్టమ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్‌కు) "ఇది సెక్యూర్" అనే ఫ్లాగ్ ఉంటే, లినక్స్ దాన్ని చదివి పక్కకు తప్పుకుంటుంది. చెప్పారు కాబట్టే తప్పుకోగలిగింది.

పూర్తిగా సెక్యూర్ వైపుదే అయిన డివైస్‌ను రాయడానికీ పద్ధతి ఉంది. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లోని వర్ట్ మెషీన్‌ను సెక్యూర్ ఆన్ చేసి నడిపితే, సెక్యూర్ వైపు కోసం ఒక యూఆర్ట్ (సీరియల్ పోర్టు) నోడ్ వస్తుంది. అందులో ఇంటరప్ట్ నంబరు మామూలుగానే ఉంటుంది. 'స్టేటస్' డిసేబుల్డ్, 'సెక్యూర్-స్టేటస్' ఓకే. లినక్స్ మొదటిది చూసి వదిలేస్తుంది, రెండోది సెక్యూర్ సాఫ్ట్‌వేర్ కోసం.

"కెర్నెల్‌కు వాటితో పనేముంది?"

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. సెక్యూర్ వైపు *అందుకునే* ఇంటరప్ట్ ఒకటి, సెక్యూర్ వైపు లినక్స్‌ను *పిలిచే* ఇంటరప్ట్ ఇంకొకటి. సెక్యూర్ వైపు నడిచే ఆప్-టీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నోడ్‌లో ఇంటరప్ట్ ప్రాపర్టీ చూసి "సెక్యూర్ ఇంటరప్ట్ బయటపెట్టారు" అనేవాళ్లు ఈ తేడా దగ్గరే పడిపోతున్నారు. అది నాన్-సెక్యూర్ ఇంటరప్టే. ఆప్-టీ తన పనిలో ఏదైనా జరిగితే దాన్ని లేపుతుంది, లినక్స్ డ్రైవర్ లేచి, ఏం జరిగిందో ఎస్‌ఎంసీ కాల్‌తో (సెక్యూర్ వైపును పిలిచే ఇన్‌స్ట్రక్షన్‌తో) అడిగి తెలుసుకుంటుంది. నంబరు చెప్పకపోతే ఆ పిలుపు వినేవాడే ఉండడు.

రెండు వైపులూ మాట్లాడుకోవడానికి ఆర్మ్ పెట్టిన ఎఫ్ఎఫ్-ఏ ప్రమాణంలో ఆ నంబరు డివైస్ ట్రీలో కూడా ఉండదు, కెర్నెల్ నేరుగా ఫర్మ్‌వేర్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఫర్మ్‌వేర్ తన ఈవెంట్లను కెర్నెల్‌కు అందించే ఎస్‌డీఈఐలో అయితే హ్యాండ్లర్ నమోదయ్యేది ఈవెంట్ నంబరు మీద. దారులు మూడు, కానీ మూడింట్లోనూ కెర్నెల్‌కు ఏదో ఒకటి చెప్పాల్సిందే.

ఆ వాదనలో నాకు కాస్త సబబుగా అనిపించిన భయం ఒకటుంది, అయితే అది లినక్స్ వాటిని ఆపేయడం గురించి కాదు. సెక్యూర్ ఇంటరప్ట్ ఉన్న నోడ్‌ను పొరపాటున 'ఓకే' అని వదిలేస్తే ఏమవుతుంది? ఎస్‌పీఐ ఎడ్జ్ రకం (సిగ్నల్ మారిన క్షణంలో పిలిచేది) అయితే నయం: కెర్నెల్ ట్రిగ్గర్ రకం రాసి తిరిగి చదువుతుంది, సున్నా వస్తుంది, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. లెవెల్ రకం (సిగ్నల్ నిలిచి ఉన్నంతసేపూ పిలిచేది) అయితే ఆ విలువే సున్నా. చదివినా సున్నా, కావలసిందీ సున్నా. అంతా సరిపోయిందనుకుని ముందుకెళ్తుంది. డ్రైవర్ లోడ్ అవుతుంది, ఎర్రర్ ఉండదు, ఇంటరప్టు మాత్రం రాదు. ఓ బోర్డు మీద నేను దీంతోనే రెండు రోజులు కుస్తీ పట్టాను. కేబుల్ మార్చాను, క్లాక్ అనుమానించాను, ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే పిన్ మీద సిగ్నల్ చక్కగా ఉంది. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైలులో మాత్రం ఆ వరసలో అన్ని కోర్లకూ సున్నాలే. చివరికి ఫర్మ్‌వేర్ సోర్స్ తెరిచి, సెక్యూర్ గ్రూపు జాబితాలో ఆ నంబరు చూశాకే సంగతి తెలిసింది.