క్రియకు ఎర్ర బంతి

బోధనోపకరణం అనగా పిల్లలు ముట్టుకోకూడనిది. ఈ నిర్వచనం ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకదు. పద్నాలుగేళ్లుగా ఒక ఎస్జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచరుకి, భర్తగా ఉంటూ, సెలవు రోజుల్లో థర్మకోల్ కోస్తూ నేనే కనిపెట్టాను. ముట్టుకుంటే నలుగుతుంది, నలిగితే మండల స్థాయి బోధనోపకరణాల (టీఎల్ఎం) మేళాకి పనికిరాదు. మేళాకి పనికిరానిదాన్ని ఉపకరణం అనడానికి నోరెలా వస్తుంది?

మన పెద్దవాళ్లకి ఈ జ్ఞానం లేక బియ్యంలో వేలు పెట్టించి అక్షరాభ్యాసం చేశారు. ఇసుకలో దిద్దించారు. నేలమీద సుద్దతో 'అ' రాసి, దానిమీద చింతగింజలు పేర్పించారు. పిల్లలకి అక్షరాలొచ్చిన మాట నిజమే. కానీ చింతగింజలకి బిల్లేదీ? సర్వశిక్షా అభియాన్ రోజుల్లో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్ఎం గ్రాంటు ఇచ్చేవారు. చెట్టుకింద ఏరుకొచ్చిన గింజలకి వోచరు మీద సంతకం ఎవరు పెడతారు, చెట్టా? అందుకే చార్టులూ, స్కెచ్ పెన్నులూ, మెరుపు కాగితాలూ రంగంలోకి దిగాయి.

ఇక గుణింతాల చక్రం. రెండు గుండ్రటి అట్టలు, పైదానికి ఒక కిటికీ, మధ్యలో ఇరుసుగా నా చొక్కా గుండీ. కింది అట్ట తిప్పుతుంటే క, ఖ, గ వరసగా వచ్చి కిటికీలో నిలబడాలి, పైనున్న గుడి వాటికి తగులుకోవాలి. వచ్చాయి, నిలబడ్డాయి, తలకట్టుతో సహా. గుడి రావాలంటే తలకట్టు దిగాలన్న మర్యాద అట్టకేం తెలుసు? హెల్మెట్ మీద తలపాగా చుట్టినట్టు తయారైంది 'కి'. పోనీ తలకట్లన్నీ చెరిపేద్దామా అంటే 'కు' దగ్గరికొచ్చేసరికి మళ్లీ కావాలి. 'మ', 'య' లాంటివాటి సంగతి మరీ అన్యాయం. అందరూ బుద్ధిగా ఒత్వం పెట్టించుకుంటుంటే ఇవి మాత్రం ఎత్వం పెట్టుకుని పక్కన కొమ్ము తగిలించుకుని 'మొ', 'యొ' అని నిలబడతాయి. ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. రాత్రి పదకొండున్నరకి ఆ కింది ముక్క ఎంతకీ కనబడలేదు. పొద్దున స్నానం చేస్తుంటే నా మోకాలికి అంటుకుని ఉంది.

వ్యాకరణానికి వద్దాం. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర గుండ్రం. నల్లది కదలకుండా కూర్చుంటుంది, ఎర్రది దొర్లుతుంది. ఈ ముక్క మా ఆవిడ ఏదో శిక్షణలో విని వచ్చిన రోజు నుంచి నేను అట్టతో పిరమిడ్లు కట్టి నల్లరంగు వేశాను. ప్లాస్టిక్ బంతికి ఎర్రరంగు వేశాను.

ప్రయోగం రెండో తరగతి చదువుతున్న మావాడి మీద. 'రాముడు పండు తిన్నాడు.' పిరమిడ్లు రాముడి మీదా పండు మీదా కూర్చున్నాయి, బంతి 'తిన్నాడు' మీద. శభాష్. తర్వాతి వాక్యం, 'ఈమె మా అమ్మ.' పిరమిడ్ అమ్మ మీద పెట్టి, బంతి చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"నాన్నా, దీన్నెక్కడ పెట్టాలి?"

క్రియారహిత వాక్యంరా, మన భాషకి క్రియ లేకపోయినా గడుస్తుంది, ఇటలీవాళ్లకి గడవదు అని వివరించాను.

"అంటే అమ్మ ఏ పనీ చెయ్యదా?"

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఆ వాక్యాన్ని మేళా నుంచి ఉపసంహరించుకున్నాం.

మేళా ఘనంగా జరిగింది. 2026-27కల్లా మూడో తరగతి పిల్లలంతా అర్థం చేసుకుంటూ చదవాలన్న కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ పథకం లక్ష్యాన్ని మైకులో మూడుసార్లు గుర్తుచేశారు. బల్లలకి రిబ్బన్లు, రిబ్బన్ల మీద 'దయచేసి తాకరాదు'. పిల్లలు లేరు, బడి ఉన్న రోజు కదా. టీచర్లంతా మేళాలో ఉంటే ఆ బడిలో ఏం జరుగుతోందని అడిగే కుసంస్కారి కూడా ఎవరూ లేరు. మాకు రెండో బహుమతి. మొదటిది బల్బు వెలిగే వర్ణమాలకి వెళ్లింది. అందులో ఇప్పుడెవరూ వాడని 'ఌ' కూడా వెలుగుతుంది, ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత పిరమిడ్లూ బంతీ బడి బీరువాలోకి వెళ్లాయి. తాళంచెవి హెచ్ఎం గారి దగ్గర. మొన్న తనిఖీ ఉందంటే దుమ్ము దులపడానికి తలుపు తీశారట. బంతి దానంతటదే దొర్లుకుంటూ తరగతి మధ్యకి వచ్చింది. మరుక్షణం కిటికీలోంచి ఎగిరి మరుగుదొడ్ల వెనకాల పడింది.

"ఎవర్రా క్రియను తన్నింది?" అని అరిచిందట మా ఆవిడ.

తరగతి తరగతంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"నాగరాజు తన్నాడు టీచర్!"