ఎంబీఏలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ చదవడం దండగంటున్న సందేశానికి జవాబు

"వ్యాపారం పుట్టుకతో రావాలి, ఎంబీఏతో రాదు" అన్న సందేశం ఒకటి కొన్ని నెలలుగా బంధువుల గ్రూపుల్లోనూ పాత విద్యార్థుల గ్రూపుల్లోనూ తిరుగుతూనే ఉంది. బిల్ గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మానేశారని, ధీరూభాయ్ అంబానీ ఏ కాలేజీకీ వెళ్ళలేదని, నూటికి తొంభై స్టార్టప్‌లు మూతపడుతున్నాయని, కిరాణా కొట్టు కూడా నడపని ప్రొఫెసర్లు ఏం నేర్పుతారని, కాబట్టి ఫీజుకు పోసే ఇరవై లక్షలూ నేరుగా వ్యాపారంలో పెడితే డబ్బు పోయినా పాఠం మిగులుతుందని అందులో ఉంది. పంపినవారిలో నేను గౌరవించే పెద్దలు కూడా ఉన్నారు. సీటు వచ్చి, ఫీజు గడువు దగ్గరపడిన పిల్లలు దీన్ని చదివి మనసు మార్చుకుంటున్నారు కనుక ఇక ఊరుకోవడం భావ్యం కాదనిపించింది.

గేట్స్ 1975లో హార్వర్డ్‌ను వదిలిన మాట నిజమే. అయితే 1968 నుంచే బడిలో కంప్యూటర్ మీద ప్రోగ్రాములు రాస్తూ వచ్చిన కుర్రవాడు ఆయన. కంపెనీ నిలవకపోతే తిరిగి వెళ్ళి చదువుకునే వీలూ ఆయనకు ఉంది. మానేసినవారి పేర్లు చెప్పేవారు చదివినవారి పేర్లు ఎందుకు చెప్పరు? జపాన్ బూట్లు అమెరికా మార్కెట్లో జర్మన్ బూట్లతో పోటీపడగలవా అన్న విషయం మీద ఫిల్ నైట్ స్టాన్‌ఫర్డ్ ఎంబీఏ తరగతిలో ఒక వ్యాసం రాసి, 1964లో ఆ ఆలోచనతోనే మొదలుపెట్టిన చిన్న కంపెనీ తరువాత నైకీ అయింది. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌకరీ డాట్ కామ్ పెట్టిన సంజీవ్ బిఖ్‌చందానీ, యాభయ్యేళ్ళకు చేరువలో సౌందర్య సాధనాలు అమ్మే నైకా పెట్టిన ఫల్గుణీ నాయర్ ఇద్దరూ అహ్మదాబాద్ ఐఐఎంలో చదివినవారే. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీల వ్యవస్థాపకుల సగటు వయసు ప్రారంభించేనాటికి 45 ఏళ్ళని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఇరవయ్యేళ్ళకే చదువు మానేయమని చెప్పడానికి ఇందులో ఆధారమేమీ లేదు.

ధీరూభాయ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆయన పెద్ద కొడుకును స్టాన్‌ఫర్డ్‌కూ, చిన్న కొడుకును వార్టన్ బిజినెస్ స్కూలుకూ ఎంబీఏకే పంపారు. పాతాళగంగ పాలియెస్టర్ కర్మాగారం పని మీద ముకేశ్ మధ్యలోనే తిరిగివచ్చారన్నది నిజం. అలా పిలవడానికి తండ్రి కట్టిస్తున్న కర్మాగారం ఎందరికి ఉంటుంది?

పుట్టుకతో రావాలన్న మాట మన తెలుగువాళ్ళు అస్సలు అనకూడనిది, ఎందుకంటే ఆ మాటను పరీక్షకు పెట్టింది మన కాకినాడలోనే. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1964లో కాకినాడ చిరు వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇప్పించారు. తరువాతి కాలంలో వారు, శిక్షణ పొందని వ్యాపారుల కంటే ఎక్కువగా, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు. ఆ సంస్థ నేటికీ యూసుఫ్‌గూడలో ఉంది. తాతల నాటి కొట్టు లేనివాడికి వ్యాపారం అబ్బదని చెప్పడం అంటే, ఫలానా ఇంట్లో పుట్టినవాడే వ్యాపారి కావాలని చెప్పడమే. ఇది సలహా ఎలా అవుతుంది?

నూటికి తొంభై అన్న లెక్కకు సందేశంలో ఆధారం చూపలేదు. అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం కొత్త సంస్థల్లో సుమారు సగం అయిదేళ్ళు దాటి నిలుస్తున్నాయి.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఆ ఇరవై లక్షల గురించి. మన ఇళ్ళలో ఆ డబ్బు బీరువాలో ఉండదు. పొలం తాకట్టు నుంచో, తల్లి నగల నుంచో, అక్క పెళ్ళికని దాచిన డిపాజిట్ నుంచో రావాలి. అది పోతే మిగిలే పాఠం ఎవరికి, నష్టం ఎవరికి? పైగా అలా పోవడానికి వ్యాపారం చెడ్డది కానక్కరలేదు. పచ్చళ్ళ యూనిట్ పెట్టి సూపర్ మార్కెట్లకు నెలకు పది లక్షల సరుకు వేస్తున్న యువకుణ్ణి ఊహించండి. వారు అరవై రోజులకు గాని డబ్బు ఇవ్వరు, అంటే ఎప్పుడు చూసినా ఇరవై లక్షలు బయటే ఉంటాయి. జీఎస్టీ మాత్రం, డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా, మామూలుగా మరుసటి నెలలోనే కట్టాలి. ఏడాదికి సరిపడా మామిడికాయ వేసవిలోనే నగదుకు కొనాలి. అమ్మకాలు రెట్టింపైతే బయట ఇరుక్కునే సొమ్మూ రెట్టింపవుతుంది. పుస్తకంలో లాభం కనిపిస్తూ ఉండగానే జీతాలివ్వలేక షట్టర్ దించిన యూనిట్లు ఇలా దించినవే. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు ఉంటే, 2006 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించి తీరాలన్న సంగతి, ఈ నగదు లెక్క ముందే వేసుకునే పద్ధతి, ఇవన్నీ తరగతిలో కొన్ని గంటల్లో నేర్చుకోగలిగినవి. వీటిని ఇంటి పొలం పోగొట్టుకుని నేర్చుకొమ్మనడం పెద్దరికమా?

అనుభవజ్ఞులైన వ్యాపారులు కూడా అలా ఉన్నదంతా ఒడ్డరు. భారతీయ మూలాలున్న పరిశోధకురాలు సరస్ సరస్వతి 27 మంది ఆరితేరిన వ్యవస్థాపకులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించారు. ఎంత లాభం రావచ్చునన్నది కాక, ఎంత పోతే తట్టుకోగలమన్నదే వారు ముందుగా చూసుకునే లెక్క అని ఆమె గుర్తించారు. ఉన్నదంతా ఊడ్చి పెట్టమని చెప్పేవారు వ్యాపారం చేసినవారు అయి ఉండరు.

అయితే రెండు విషయాల్లో ఆ సందేశం రాసినవారితో ఏకీభవిస్తాను. మొదటిది అప్పు. పదేళ్ళ గడువుతో, పది శాతం వడ్డీకి ఇరవై లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 26,400 రూపాయలు కట్టాలి. మామూలుగా చదువు ముగిసిన ఏడాదికి ఆ వాయిదాలు మొదలవుతాయి, అప్పటికి కొత్త వ్యాపారం జీతం ఇచ్చే స్థితికి రాదు. అందువల్ల అంత అప్పు చేసి చదివేవారు ముందు కొన్నేళ్ళు ఉద్యోగం చేయడానికి సిద్ధపడాలి. వ్యాపారం పెట్టి చూసి, కుదరకపోతే తరువాత క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు తిరిగి రానిచ్చే సదుపాయం కొన్ని ఐఐఎంలలో ఉంది. చేరేముందు అది ఉందో లేదో అడగాలి.

రెండవది ప్రొఫెసర్ల గురించిన మాట. మన ఊళ్ళలోని ఎన్నో కాలేజీల్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ అంటే ఒక సెమిస్టరులో ఒక పేపరు, నిర్వచనాలు బట్టీపట్టి రాసే పరీక్ష, జిరాక్స్ షాపులో కొన్న ప్రాజెక్టు రిపోర్టు మాత్రమే. కొనేవాడిని కలవకుండా, ఒక్క ఇన్వాయిస్ రాయకుండా, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చోకుండా రెండేళ్ళు గడిచిపోతాయి. అలాంటి చోట ఫీజు కట్టవద్దని నేనూ చెబుతాను.