పద్మాక్షి గుట్ట మీద కొత్త శాసనాలు

ఈ తరానికి చరిత్ర మీద గౌరవం లేదనేవాళ్లు ఒకసారి హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కి బండలు చదవాలి. అక్కడ ఎక్కినవాడల్లా శాసనం వేయిస్తున్నాడు.

ఈ పనికి ముందు నడిచింది మైలమ. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ భార్య. 1117లో కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించి, భూమి దానమిచ్చి, ఆ సంగతి నాలుగు పలకల రాతి స్తంభం మీద చెక్కించింది. ఎంత ప్రయాస! రాయి వెతకాలి, నున్నగా తీర్చాలి, కవికీ శిల్పికీ ముట్టజెప్పాలి. అన్నిటికన్నా ముందు దానం చేయాలి. మనవాళ్లు ఆ ఒక్క ఖర్చు తగ్గించుకున్నారు. పేరు, బాణం గుచ్చిన గుండె, ఇంకో పేరు. అయిపోయింది.

లోపమల్లా తిథి, వారం, శక సంవత్సరం వేయకపోవడమే. రేపటి పరిశోధకుడు ప్రతి గుట్ట మీదా కనిపించే 'రాజు'ను మహా చక్రవర్తిగా తేలుస్తాడు. రాణులు మాత్రం గుట్టకొకరు. కాకతీయుల లాంఛనం వరాహమైతే ఇతనిది గుండెకాయ.

ఇక పనిముట్ల సంగతి. బండి చావితో గీకడం దండగ. గ్రానైటులోని క్వార్ట్జ్ చావి కన్నా గట్టిది. బండ మీద మెరిసే గీత చాలావరకు అరిగిన చావి పొడే. కిందికి దిగాక తాళం తిరగకపోతే కాకతీయులను తిట్టొద్దు. ఆయిల్ పెయింటు అయితే రాతి పగుళ్లలో నిలుస్తుంది, పైపొర ఎండకు పెళుసెక్కి రాలుతుంది. అమ్మాయి పేరు సగం పోయి బాణం మిగలొచ్చు. థిన్నర్ పోసి తుడిస్తే కరిగిన రంగు ఇంకా లోపలికి దిగుతుంది. ఇనుప బ్రష్షుతో రుద్దితే ఏళ్ల తరబడి నల్లబడ్డ పైపొర లేచి, అదే పేరు తెల్లగా బయటపడుతుంది. తుడిచేవాళ్ల సహకారం మరువలేనిది. వానాకాలం నాచు పట్టిన వాలు బండ మీద, ఒక చేత డబ్బా, ఒక చేత బ్రష్షు, కాళ్లకు అరిగిన చెప్పులతో నిలబడితే మాత్రం శాసనకర్త శాసనం కంటే ముందే కిందికి చేరతాడు.

పాత శాసనాల చివర శాపం ఉండేది: దానభూమిని కాజేసినవాడు 60,000 ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఇప్పుడు దాని బదులు పాత కట్టడాలను కాపాడే 1958 చట్టం ఉంది. ఖిలా వరంగల్ లాంటి కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిందితులు పేరు, ఊరు, కాలేజీ, బ్యాచ్‌తో సహా స్వదస్తూరీతో రాసిచ్చారు. దర్యాప్తు బృందం దేనికి? ఒక నిచ్చెన చాలు.