సైబీరియా నుంచి నిజంగా వచ్చేవాటిని మనం చూడట్లేదు

సూళ్లూరుపేట దగ్గర మా ఊళ్లో చలికాలం వస్తే ఒకటే మాట, సైబీరియా పక్షులొచ్చాయి అని. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్నీ, ఎర్రకాళ్ల కొంగల్నీ, నత్తగుల్ల కొంగల్నీ చూపించి చిన్నప్పుడు మాకూ అదే చెప్పారు, చెన్నైకి వచ్చాక నేనూ ఆఫీస్ ఫ్రెండ్స్‌ని లోకల్ ట్రైన్‌లో అక్కడికి తీసుకెళ్లి అదే చెప్పాను. కానీ అవేవీ సైబీరియావి కావు. నీళ్లు, తిండి ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్తూ మన చుట్టుపక్కల దేశాల్లోనే తిరిగేవి. ఒక్క విషయం ఆలోచిస్తే తెలిసిపోతుంది, ఉత్తరం నుంచి చలికాలానికి దిగొచ్చేవి ఇక్కడ గుడ్లు పెట్టవు, వాటి పుట్టిల్లు అక్కడే, ఇక్కడికొచ్చేది కేవలం తిండికి.

మరి నిజంగా వచ్చేవి ఏవి? చెన్నైలో తొరైపాక్కం నుంచి పల్లావరం వెళ్లే రేడియల్ రోడ్డు పళ్లికరణై చిత్తడి నేల మధ్య నుంచే పోతుంది. జనవరిలో ఒకరోజు తెల్లారగానే అక్కడ బండి పక్కకి ఆపాను, ఓ పక్క డంపింగ్ యార్డు వాసన, ఇంకోపక్క లారీల హారన్లు, కింద బురదలో పిచ్చుకంత పిట్టలు ఓ ముప్పై, తల ఎత్తకుండా టకటకా పొడుచుకు తింటున్నాయి, అడుగు వేస్తే ఓ పొడుపు. లిటిల్ స్టింట్ అంటారు, మావాళ్లకైతే ఇలాంటివన్నీ ఉల్లంకి పిట్టలే. బరువు కోడిగుడ్డులో సగం. అది పుట్టింది ఆర్కిటిక్ దగ్గర, సైబీరియా పైఅంచున. అంటే సైబీరియా పక్షి అంటే అసలు ఇది, దీన్ని చూడ్డానికి ఎవరూ రారు.

ఈ బురద పిట్టల శరీరం గురించి చదివిన కొద్దీ ఆశ్చర్యం పెరుగుతూనే ఉంటుంది. 2022లో గాడ్‌విట్ అనే దీని దూరపు చుట్టం ఒకటి, వయసు ఐదు నెలలు, అలాస్కాలో లేచి 11 రోజులు ఎక్కడా వాలకుండా సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియా కింద టాస్మానియాలో దిగింది, ఒంటికి కట్టిన శాటిలైట్ ట్యాగ్ వల్ల ఇదంతా తెలిసింది. ఇలాంటి ప్రయాణానికి ముందు అవి ఒళ్లంతా కొవ్వు పట్టిస్తాయి, ఆ తర్వాత దారిలో పనికిరావు కాబట్టి పేగుల్ని, కందనకాయని చిన్నవి చేసుకుంటాయి! దారి కోసం సూర్యుణ్ణి, చుక్కల్ని, భూమి అయస్కాంతాన్ని వాడుకుంటాయి. యూరోపియన్ రాబిన్ అనే ఇంకో వలస పిట్ట కంట్లో ఉండే ఒక ప్రొటీన్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని 2021లో ల్యాబ్‌లో చూపించారు. చాలా బురద పిట్టల్లో పెద్దవి ముందే బయల్దేరిపోతాయి, పిల్లలు తర్వాత దారి చూపేవాళ్లు లేకుండానే వస్తాయి.

ఇంత తట్టుకునే పిట్టకి ప్రమాదం దారిలో కంటే దిగిన చోటే ఎక్కువని నా వాదన. కొవ్వు పట్టేది బురదలోనే కదా. ఆ కాళ్ల పొడవుకి రెండుమూడు వేళ్ల లోతు నీళ్లు దాటితే అది నిలబడి తినలేదు. కానీ మన కళ్లకి చెరువంటే నిండుగా ఉండాలి, బురద కనిపిస్తే అది ఖాళీ జాగా, చెత్త వెయ్యొచ్చు, మట్టి తోలి ప్లాట్లు కొట్టొచ్చు. పళ్లికరణై ఒకప్పుడున్న దాంట్లో చాలావరకు అలాగే పోయింది, 2022లో ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది గానీ పోయింది తిరిగిరాదు. నాకు ఇంకా బాధ కలిగించేది మంచి ఉద్దేశంతో చేసే పనులు. సుందరీకరణ పేరుతో చెరువుని అంతా ఒకే లోతుకి తవ్వేసి, చుట్టూ రాళ్లు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేస్తారు, నీళ్లు బాగుంటాయి, బాతులు కూడా వస్తాయి, స్టింట్‌కి మాత్రం కాలు పెట్టే చోటు ఉండదు.

మిగతా ప్రమాదాలు చిన్నవని కాదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదలో ఎన్నూరు క్రీక్‌లోకి ఆయిల్ చేరి గూడబాతుల ఈకలు నల్లగా అట్టలు కట్టాయి, 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో బాటులిజం అనే జబ్బుతో వేల పక్షులు చచ్చిపోయాయి. అయితే నాగాలాండ్‌లో 2012లో వలలు వేసి వేలకు వేలు అముర్ డేగల్ని పట్టి చంపిన ఊళ్లే, చర్చి పెద్దలు, ఊరి కౌన్సిళ్లు పూనుకుంటే మరుసటి ఏడాదికే ఆపేశాయి. అక్కడ పక్షి కళ్లెదుట వలలో కనిపించింది, ఇక్కడ బురదని కాపాడమంటే ఎందుకో జనానికి ఎక్కట్లేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు మా పెదనాన్నని అడిగాను. గూడబాతుల గురించైతే గంట మాట్లాడతాడు, వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు తగ్గుతుందంటాడు. పులికాట్ అంచున తిరిగే ఈ చిన్నవాటి సంగతి ఎత్తితే, "ఉల్లంకి పిట్టలా అబ్బయ్యా, అవెప్పుడూ ఉండేవే గదా" అన్నాడు.

ఎప్పుడూ ఉండవు. ఎండలు ముదిరేసరికి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. నేను అడిగేది ఒకటే, పూడిక తీసే ప్రతి చెరువుకీ ఓ వైపు అంచు వాలుగా, తవ్వకుండా వదిలెయ్యమని, అందుకు పెద్ద ఖర్చు కూడా కాదు. ఏప్రిల్‌లో రేడియల్ రోడ్డు మీద ఓ పది నిమిషాలు ఆగి చూడండి, వాటి బూడిదరంగు వీపు మీద అక్కడక్కడా తుప్పురంగు ఈకలు వస్తుంటాయి, అంటే ప్రయాణం దగ్గరపడింది, అప్పుడవి జనవరిలో కంటే ఇంకా ఆత్రంగా తింటుంటాయి.