సవరణ: రవివర్మ బొమ్మ, దాని పక్కన ఫోటో

బరంపురంలో పెయింటింగులు, ఫోటోలు పక్కపక్కనే పెట్టిన ప్రదర్శన గురించి ఆదివారం పెట్టిన పోస్టుకు రెండు సవరణలు.

లక్ష్మీదేవి బొమ్మ, ఆ పోస్టులో రాసినట్టు రవివర్మ చేత్తో వేసిన ఒరిజినల్ కాదు, అచ్చు పటం. 1894లో బొంబాయిలో మొదలైన ఆయన ప్రెస్సు వల్లే ఇలాంటివి మన దేవుడి గదుల్లోకి వచ్చాయి.

రెండోది ముఖ్యం. వెన్నెల్లో కూర్చున్న స్త్రీ ఫోటో, అందులో రాసినట్టు కంప్యూటర్‌లో మార్చినది కాదు. 1889 నాటి రవివర్మ చిత్రంలోలాగే కళాకారిణి పుష్పమాల ఎన్. స్వయంగా వేషం కట్టి కూర్చున్నారు. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి 2000-2004 మధ్య చేసిన ఫోటోల వరసలోది. వెనకున్నది గీసిన తెర. సురభి నాటకాలు చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు!

ప్రదర్శన వేళల్లో మార్పేమీ లేదు.