సవరణ: ‘ఏలియన్: ఐసోలేషన్’లో ఆ జీవికి అన్నీ తెలియవు

2014లో క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసిన ఈ భయానక వీడియో గేమ్‌లో ఏలియన్ అనే గ్రహాంతర జీవి ఆటగాణ్ణి వేటాడుతుంది. దీని గురించి పోయిన టపాలో రెండు మాటలు తప్పు రాశాం. ఆటగాడు ఎక్కడున్నాడో ఏలియన్‌కు ఎప్పుడూ తెలుసన్నది మొదటిది. అది ఆటగాడి ఎత్తులు చూసి నేర్చుకుంటుందన్నది రెండోది.

నిజానికి అక్కడ పనిచేసేవి రెండు వేర్వేరు వ్యవస్థలు. పైనుండి ఆట నడిపించే ‘డైరెక్టర్’ అనే ప్రోగ్రామ్‌కు ఆటగాడి చోటు ఎప్పుడూ తెలుసు. కానీ ఏలియన్‌కు ‘ఆ వైపు వెతుకు’ అన్నంత సూచనే ఇస్తుంది తప్ప, ఏ లాకర్‌లో నక్కామో చెప్పదు. మిగతాది ఏలియన్ తన కళ్లతో, చెవులతో పట్టుకోవాల్సిందే. అందుకే పరుగెత్తితే దొరికిపోతాం. అది దగ్గర్లో ఉంటే మన చేతిలో కదలికలు పసిగట్టే పరికరం, మోషన్ ట్రాకర్ చేసే బీప్ కూడా దానికి వినిపిస్తుంది.

డైరెక్టర్ ఇంకో పనీ చేస్తుంది, మేం అసలు రాయకుండా వదిలేసింది ఇదే. ఏలియన్ ఎంత దగ్గరగా తిరుగుతోంది, కంటపడుతోందా, ట్రాకర్‌లో కనిపిస్తోందా అని లెక్కగట్టి, ఒత్తిడి హద్దు దాటగానే దాన్ని దూరంగా పంపేస్తుంది. మా దృష్టిలో ఆట మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది: ఊపిరి పీల్చుకునే ఆ వ్యవధి లేకపోతే భయం కాస్తా విసుగైపోతుంది.

ఇక నేర్చుకోవడం సంగతి. ఏలియన్ ప్రవర్తనల్లో కొన్నిటిని ముందే రాసి, తాళం వేసి ఉంచారు. ఆట సాగేకొద్దీ అవి తెరుచుకుంటాయి. మొదట్లో ఫ్లేమ్‌త్రోయర్ మంటకు పారిపోయేది తర్వాత్తర్వాత తెగిస్తుంది. ఆడేవాళ్లకు నేర్చుకున్నట్టే అనిపిస్తుంది. టపాలో ‘నేర్చుకుంటుంది’ అన్నచోటల్లా ‘దాచి ఉంచిన ప్రవర్తన తెరుచుకుంటుంది’ అని చదువుకోండి.