ఉపదేశం జనానికి, వాయిదా కంపెనీలకు

బడిలో ‘షుగర్ బోర్డు’ పెట్టమని 2025 మేలో సీబీఎస్‌ఈ ఆదేశించింది. ఏ కూల్‌డ్రింకులో ఎంత చక్కెర ఉందో పిల్లలు అది చూసి తెలుసుకోవాలట. మంచిదే. అదే లెక్కను ప్యాకెట్టు ముందువైపు, కళ్లకు కొట్టొచ్చినట్టు వేయించడానికి మాత్రం ప్రభుత్వానికి చేతులు రావడం లేదు.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది బోర్డర్‌లో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఉపదేశాలకైతే లోటు లేదు. నడవండి, అన్నం తగ్గించండి, కొర్రలు తినండి, నూనె పది శాతం మానండి. మన కంచంలో అన్నం కొండంత, కూర గోరంత అన్న మాట కాదనలేం. ఒళ్లు వంచాల్సిందీ మనమే. కానీ ఆ నీతి తెలిసి తినేవాడికి చెప్పాలి. తెలియనివ్వకుండా తినిపించేవాడికి ఎవరు చెబుతారు?

ప్యాకెట్టు ముందు హెచ్చరిక సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. జూలైలో ప్రభుత్వం మరో మూడు నెలలు పుచ్చుకుంది. లేబుల్ మార్పులపై 14 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయట మరి! అంతకుముందు, 2022లో, ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నక్షత్రాల రేటింగు ముసాయిదా తెచ్చింది. చక్కెర దండిగా ఉన్నా కాసిని పప్పులో పండ్లో కలిపితే మార్కులు కలిసొచ్చే ఏర్పాటది. హెచ్చరించమంటే మెచ్చుకోలు పత్రం ఇస్తామన్నారు. చిలీలో 2016 నుంచే నల్లటి ఎనిమిది మూలల ముద్రతో ‘చక్కెర ఎక్కువ’ అని వేస్తున్నారు.

ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని తీపినీళ్లు అమ్మిన వ్యవహారం గుర్తుందిగా. అడుగున ఒక గమనిక వేస్తే చాలు, పేరు వాడుకోవచ్చని 2022లో అనుమతిచ్చింది ఈ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐయే. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఆ పేరు మీద అంతకుముందు నుంచే మొదలుపెట్టి మొత్తం ఎనిమిదేళ్లు పోరాడితే తప్ప, 2025 అక్టోబర్‌లో ఆ అనుమతి రద్దు కాలేదు. ఒక్క పేరుకే ఎనిమిదేళ్లు!

ఇంతలో 2025 సెప్టెంబర్ 22 నుంచి చాక్లెట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీంల మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. బోర్డు బడికి, రాయితీ బిస్కెట్టుకు.

బడిలో రాయించగలిగింది ప్యాకెట్టు మీద రాయించలేరా? అంత చేతకాకపోతే ఆ బోర్డులూ పీకేయండి. పిల్లలకు చక్కెర పాఠం చెప్పే మొహం మీకు లేదు.